మెనోపాజ్‌కు హార్మోన్ మందు: డాక్టర్ల మాట ఎందుకు కలవదు, నిజంగా ఎవరికి రాయాలి

ముట్లుడిగే వయసులో హార్మోన్ మాత్రలు వాడొచ్చా అని అడిగితే ఒక్కో డాక్టరు ఒక్కో జవాబు చెబుతారు. అలా చెప్పడానికి కారణం ఉంది. రాత్రిళ్లు నాలుగైదుసార్లు చెమటతో తడిసి లేచి, నిద్రలేక, పనిమీద మనసు నిలవక వచ్చే మనిషిని గైనకాలజిస్టు చూస్తారు. రొమ్ము క్యాన్సర్ వచ్చాక గానీ ఆమె ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లదు. కాలి సిరలో రక్తం గడ్డ కట్టిన కేసు ఒక్కటి చూసిన ఫిజీషియన్‌కు ఆ మందు పేరు వింటేనే భయం. డెబ్బై ఏళ్లకు తుంటి విరిగి వచ్చిన ఆవిడను చూసే ఎముకల డాక్టరుకు మాత్రం, ఈమెకు యాభై ఏళ్లప్పుడే ఏదో ఒకటి ఎందుకు రాయలేదన్న ప్రశ్న వస్తుంది. మందు వాడి హాయిగా ఉన్న మనిషి మాత్రం వీళ్లలో చాలామందికి కనిపించదు.

అయితే ఈ విభేదాల్లో చాలా భాగం మందుకు సంబంధించినవి కావు. వయసెంత, గర్భసంచి ఉందా లేదా, అండాశయాలు ఉన్నాయా లేదా, మందు నోటి ద్వారానా చర్మం ద్వారానా అన్నవి తేల్చకుండా "హార్మోన్లు మంచివా చెడ్డవా" అని వాదించుకోవడం వల్ల వచ్చినవి. తెలుగు రాష్ట్రాల్లో ఈ గందరగోళానికి మూల్యం చెల్లిస్తున్నది, ముప్ఫైల్లోనో నలభైల మొదట్లోనో గర్భసంచితో పాటు అండాశయాలూ తీయించుకున్న ఆడవాళ్లు. వాళ్ల సంగతి చెప్పుకునే ముందు ఆ భయం ఎక్కడ మొదలైందో చూడాలి.

2002 జులై

అమెరికా ప్రభుత్వ డబ్బుతో జరిగిన ఉమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్ అధ్యయనంలో గర్భసంచి ఉన్న 16,608 మంది ఆడవాళ్లను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు రోజూ 0.625 మిల్లీగ్రాముల కాంజుగేటెడ్ ఈస్ట్రోజెన్, 2.5 మిల్లీగ్రాముల మెడ్రాక్సీప్రొజెస్టరాన్ అసిటేట్ (ప్రొజెస్టరాన్ హార్మోన్‌ను పోలిన కృత్రిమ మందు, అంటే సింథటిక్ ప్రొజెస్టిన్) ఇచ్చారు. రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర. ఎనిమిదేళ్లకు పైగా సాగాల్సిన ఈ పరీక్షను సగటున 5.2 ఏళ్లకే 2002 జులైలో ఆపేశారు. రొమ్ము క్యాన్సర్ 26 శాతం, గుండె జబ్బు 29 శాతం, పక్షవాతం 41 శాతం పెరిగాయని పత్రికలన్నీ రాశాయి. లక్షల మంది రాత్రికి రాత్రి మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈస్ట్రోజెన్ మందులన్నిటిపైనా నల్లగీతల పెట్టెలో హెచ్చరిక వేయించింది.

అవే అంకెలను ఇంకోలా చదవాలి. ఏడాదికి పదివేల మందిని తీసుకుంటే ఉత్తుత్తి మాత్ర వాడినవాళ్లలో 30 మందికి రొమ్ము క్యాన్సర్ వచ్చింది, అసలు మాత్ర వాడినవాళ్లలో 38 మందికి వచ్చింది. అంటే అదనంగా ఎనిమిది మంది. పక్షవాతం కూడా పదివేలకు ఎనిమిది కేసులు ఎక్కువ, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు ఎనిమిది ఎక్కువ, గుండె జబ్బు ఏడు ఎక్కువ. తుంటి విరగడం ఐదు తక్కువ, పెద్దపేగు క్యాన్సర్ ఆరు తక్కువ. ఈ ముప్పు లేనిది కాదు, తీసిపారేయదగ్గదీ కాదు. కానీ "26 శాతం" అన్న మాట విని నూటికి ఇరవయ్యారు మందికి క్యాన్సర్ వస్తుందనుకున్నవాళ్లు రోగుల్లోనే కాదు, మందు రాసేవాళ్లలోనూ ఉన్నారు.

అసలు చిక్కు ఇంకొకటి. ఆ అధ్యయనంలో చేరినవాళ్ల సగటు వయసు 63. మూడింట రెండొంతుల మంది అరవై దాటినవాళ్లు. వేడి ఆవిర్లతో బాధపడుతున్న యాభై ఏళ్ల మనిషికి ఉపశమనం కలుగుతుందా అని కాదు, వయసు మళ్లిన ఆడవాళ్లలో ఈ మందు గుండె జబ్బును ఆపుతుందా అని చూడటానికి చేసిన పరీక్ష అది. ఆ ప్రశ్నకు "ఆపదు" అన్న జవాబు సరిగానే వచ్చింది. దాన్ని వేరే ప్రశ్నకు జవాబుగా తీసుకోవడమే పొరపాటు. అంకెలను వయసులవారీగా విడదీసినప్పుడు తేడా తేలింది. ముట్లుడిగి పదేళ్లు దాటినవాళ్లకు, అరవై పైబడినవాళ్లకు కొత్తగా మొదలుపెడితే గుండెకు, మెదడుకు ప్రమాదం ఎక్కువ. పదేళ్ల లోపు, అరవై లోపు మొదలుపెట్టినవాళ్లలో ఆ ప్రమాదం బాగా తక్కువ. రక్తనాళాల గోడల్లో కొవ్వు పేరుకోకముందు ఈస్ట్రోజెన్ చేసే పని ఒకటి, పేరుకున్నాక చేసే పని ఒకటి అన్నది ఇందుకు చెప్పే వివరణ. 2016లో వెలువడిన ఎలైట్ అధ్యయనం మెడలోని కరోటిడ్ ధమని గోడ మందాన్ని కొలిచి దీన్ని చూపింది. ముట్లుడిగి ఆరేళ్లు దాటకముందే ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) మొదలుపెట్టినవాళ్లలో ఆ మందం పెరగడం నెమ్మదించింది, పదేళ్లు దాటాక మొదలుపెట్టినవాళ్లలో ఏ తేడా రాలేదు.

అంతకంటే తక్కువ మందికి తెలిసింది రెండో భాగం. గర్భసంచి లేని 10,739 మందికి ఒక్క ఈస్ట్రోజెన్ మాత్రమే ఇచ్చి చేసిన పరీక్ష 2004లో ఆగింది. పక్షవాతం పెరగడమే ఆపడానికి కారణం. కానీ వీళ్లలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, కాస్త తగ్గింది. వీళ్లను చేరినప్పటి నుంచి దాదాపు ఇరవై ఏళ్లు గమనించి 2020లో ప్రచురించిన లెక్కల్లోనూ ఆ తగ్గుదల నిలిచింది. అంటే ఆ అధ్యయనంలో రొమ్ముకు చేటు తెచ్చినది ఈస్ట్రోజెన్ ఒక్కటే కాదు, దానితో కలిపిన సింథటిక్ ప్రొజెస్టిన్ పాత్ర పెద్దది.

ఇక్కడ ఆంకాలజిస్టుల పక్షాన చెప్పాల్సిన మాట ఉంది. ప్రపంచవ్యాప్త అధ్యయనాలను కలిపి వేసి, 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన లెక్క ప్రకారం, యాభై ఏళ్లకు మొదలుపెట్టి ఐదేళ్లపాటు రోజూ రెండు హార్మోన్లూ వాడితే, వచ్చే ఇరవై ఏళ్లలో రొమ్ము క్యాన్సర్ వచ్చేవాళ్లు నూటికి 6.3 నుంచి 8.3కు పెరుగుతారు. యాభై మంది వాడితే ఒకరికి అదనంగా అన్నమాట. ఒక్క ఈస్ట్రోజెనే అయితే రెండొందల మందికి ఒకరు. 2004 నాటి ఫలితానికీ దీనికీ పొంతన కుదరదు. ఒకటి చీటీలు తీసినట్టు జట్లుగా పంచి చేసిన పరీక్ష, రెండోది ఇప్పటికే వాడుతున్నవాళ్లను గమనించి వేసిన లెక్క. ఈ రెంటినీ మనిషి ముందు పెట్టి చెప్పడమే డాక్టరు పని. "అమెరికాలో హెచ్చరిక తీసేశారు, ఇక భయం లేదు" అనడం కూడా సరికాదు. 2025 నవంబరులో ఎఫ్‌డీఏ గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, మతిమరుపు జబ్బుల హెచ్చరికలను ఆ పెట్టెలోంచి తొలగిస్తామని ప్రకటించింది. గర్భసంచి ఉన్నవాళ్లకు ఒంటరిగా ఈస్ట్రోజెన్ ఇస్తే గర్భసంచి లోపొర క్యాన్సర్ వస్తుందన్న హెచ్చరికను మాత్రం ఉంచింది. అది 1975 నుంచీ తెలిసిన సంగతి, మారేది కాదు.

చదువులో ఉన్న ఖాళీ

2002 తర్వాత ఒక తరం డాక్టర్లు ఈ మందు రాయడం నేర్చుకోకుండానే చదువు పూర్తి చేశారు. అమెరికాలో గైనకాలజీ, ఇంటర్నల్ మెడిసిన్, ఫ్యామిలీ మెడిసిన్ రెసిడెంట్లను (ఆ విభాగాల్లో శిక్షణలో ఉన్న డాక్టర్లను) అడిగి 2019లో ప్రచురించిన సర్వేలో, మెనోపాజ్ చికిత్సకు తగినంత సిద్ధంగా ఉన్నామని చెప్పినవాళ్లు 6.8 శాతమే. ఏ అడ్డంకీ లేని, లక్షణాలతో బాధపడుతున్న మనిషికి కూడా హార్మోన్ మందు ఇవ్వబోమని మూడోవంతు మంది చెప్పారు. చిన్న వయసులోనే ముట్లుడిగిన మనిషికి మామూలు మెనోపాజ్ వయసు దాకా మందు కొనసాగిస్తామన్నవాళ్లు అరవై శాతమే. ఈ చివరి అంకె అన్నిటికంటే కలవరపెట్టేది. ఎందుకంటే అది డాక్టర్ల సంఘాలు ఏకాభిప్రాయంతో ఉన్న చోటు.

యాభై ఏళ్లకు రావలసిన మెనోపాజ్ నలభైకి ముందే వస్తే శరీరం పదేళ్లకు పైగా ఈస్ట్రోజెన్ లేకుండా గడపాలి. ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు త్వరగా వస్తుంది, జ్ఞాపకశక్తి మీదా ప్రభావం ఉంటుంది. ఇలాంటివాళ్లకు ఇచ్చేది అదనపు హార్మోన్ కాదు, ఆ వయసులో ఉండాల్సింది లేకపోతే తిరిగి పెట్టడం. 63 ఏళ్ల సగటు వయసున్న ఆ అమెరికన్ అధ్యయనపు ముప్పు లెక్కలు వీళ్లకు వర్తించవు.

గర్భసంచి ఆపరేషన్ల రాష్ట్రాలు

2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశమంతటా 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలు మనవే. తర్వాతి సర్వేలోనూ అంతే. ఆపరేషన్ల వయసు చూస్తే ఎక్కువగా ముప్ఫైల నడుమ. మూడింట రెండొంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగినవి. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువగా పోతోందనో వెళ్లినవాళ్లకు "ఉంచితే క్యాన్సర్ అవుతుంది" అని చెప్పి తీసిన కేసులు ఇందులో ఎన్నో. అనవసర గర్భసంచి ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటినీ ఆదేశించాల్సి వచ్చిందంటే సమస్య ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

ఆపరేషన్ అయ్యాక ఏం జరుగుతుందన్నదే ఇక్కడి ప్రశ్న. గర్భసంచి ఒక్కటే తీసి అండాశయాలు ఉంచితే నెలసరి ఆగుతుంది గానీ హార్మోన్లు ఉంటాయి, అయితే అండాశయాలు కొన్నేళ్లు ముందుగా అలసిపోవచ్చు. రెండు అండాశయాలూ తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒకటి రెండు రోజుల్లో పడిపోతుంది. సహజంగా ఏళ్ల తరబడి నెమ్మదిగా జరిగేది రాత్రికి రాత్రి జరగడం వల్ల ఆవిర్లు, నిద్రలేమి, కోపం, దిగులు, కీళ్ల నొప్పులు తీవ్రంగా ఉంటాయి. ఆ మనిషికి తరచూ దొరికేది క్యాల్షియం మాత్రలు, బీ కాంప్లెక్స్, నిద్రమాత్ర. క్యాల్షియం ఈస్ట్రోజెన్‌కు బదులు కాదు.

ఏం తీశారో చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితంలో "టీఏహెచ్" అని మాత్రమే ఉంటే గర్భసంచి తీసినట్టు. పక్కన "బీఎస్‌ఓ" అని ఉంటే రెండు అండాశయాలూ, ట్యూబులూ కూడా తీసినట్టు. "యూఎస్‌ఓ" అంటే ఒకవైపు మాత్రమే. కాగితం పోయి ఉంటే బయాప్సీ రిపోర్టులో ఏయే భాగాలు పంపారో రాసి ఉంటుంది, అదీ లేకపోతే స్కానింగ్‌లో తెలుస్తుంది. నలభై ఐదు లోపు వయసులో బీఎస్‌ఓ జరిగి, ఆపరేషన్ క్యాన్సర్ కోసం కాకపోతే, హార్మోన్ మందు గురించి డాక్టరు తనంతట తాను మాట్లాడాలి. రోగి అడిగేదాకా ఆగాల్సిన విషయం కాదిది. ఇంకో సంగతి: గర్భసంచి లేనివాళ్లకు సాధారణంగా ఒక్క ఈస్ట్రోజెన్ చాలు, ప్రొజెస్టరాన్ అక్కర్లేదు. తీవ్రమైన ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉండి కొంత లోపల మిగిలిపోయినవాళ్లు మినహాయింపు. అంటే రొమ్ముకు ముప్పు తక్కువగా ఉండే చికిత్సకు అర్హులైనవాళ్లే మందు లేకుండా మిగిలిపోతున్నారు.

మందు రాసే ముందు, రాసేటప్పుడు

నలభై ఐదు దాటిన మనిషికి నెలసరి తప్పుతూ ఆవిర్లు వస్తుంటే మెనోపాజ్ నిర్ధారించడానికి ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) రక్తపరీక్ష అవసరం లేదు. ఆ దశలో అది వారం వారం మారుతుంది. నలభై లోపు వయసులో నెలసరి ఆగితే మాత్రం తప్పనిసరి. థైరాయిడ్ పరీక్ష ఎవరికైనా ఉపయోగమే, దాని లక్షణాలూ ఇలాగే ఉంటాయి గనుక. మొదలుపెట్టే ముందు బీపీ, బరువు, షుగర్, కొలెస్టరాల్ చూడాలి. రొమ్ములు చేత్తో పరీక్షించి, వయసును బట్టి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించాలి. గర్భాశయ ముఖద్వార పరీక్ష బాకీ ఉంటే చేయాలి. ముట్లుడిగాక ఒక్క చుక్క రక్తం కనిపించినా కారణం తేలేదాకా హార్మోన్ మొదలుపెట్టకూడదు. స్కానింగ్‌లో గర్భసంచి లోపొర 4 మిల్లీమీటర్లు దాటితే ముక్క తీసి పరీక్షకు పంపాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తపు గడ్డ ఉన్నవాళ్లకు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవాళ్లకు, లివర్ జబ్బు ముదురుతున్నవాళ్లకు ఇవ్వరు. స్వీడన్‌లో రొమ్ము క్యాన్సర్ నయమైనవాళ్లకు ఇచ్చి చూసిన హాబిట్స్ పరీక్షను జబ్బు తిరగబెడుతున్నందుకు 2003 చివర్లో ఆపేశారు. అదుపులో ఉన్న బీపీ, షుగర్ అడ్డంకులు కావు. మేనత్తకు రొమ్ము క్యాన్సర్ వచ్చిందన్న ఒక్క కారణంతో మందు నిరాకరించడమూ తొందరపాటే.

తెలుగు రాష్ట్రాల్లో నలభై దాటిన ఆడవాళ్లలో షుగర్, బీపీ, పొట్ట దగ్గర కొవ్వు ఎక్కువ కాబట్టి మందు ఏ దారిలో ఇస్తారన్నది ముఖ్యం. మింగిన ఈస్ట్రోజెన్ ముందు లివర్‌కు వెళ్లి రక్తం గడ్డకట్టించే పదార్థాలను పెంచుతుంది. చర్మం ద్వారా వెళ్లేది ఆ దారి తప్పించుకుంటుంది. ఫ్రాన్స్‌లో జరిగిన ఎస్తేర్ అధ్యయనంలో మాత్రలు వాడినవాళ్లకు గడ్డల ముప్పు దాదాపు నాలుగు రెట్లుంటే, చర్మానికి రాసే జెల్, అంటించే పట్టీ వాడినవాళ్లలో పెరగలేదు. లావుగా ఉన్నవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు, మైగ్రేన్ ఉన్నవాళ్లకు జెల్ రాయడం మేలు. ఒక నొక్కుకు 0.75 మిల్లీగ్రాముల ఈస్ట్రడయాల్ వచ్చే జెల్ అయితే ఒకటి రెండు నొక్కులతో మొదలుపెడతారు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకున్నాక భుజం నుంచి మోచేతి దాకా, లేదా తొడ లోపలివైపు పల్చగా రాసి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. రుద్దకూడదు, రొమ్ముల మీద రాయకూడదు, గంటదాకా ఆ చోట కడగకూడదు, చంటిపిల్లల్ని ఆ చేతి మీద ఎత్తుకోకూడదు. జెల్ పనిచేయలేదని వచ్చేవాళ్లలో కొందరు రాసిన వెంటనే చీర కట్టుకుని గుడ్డకు అంటించినవాళ్లే. మాత్ర అయితే ఈస్ట్రడయాల్ వాలరేట్ 1 మిల్లీగ్రాముతో మొదలు. చిన్న వయసులో అండాశయాలు తీసినవాళ్లకు తరచూ 2 మిల్లీగ్రాములు కావాలి. అక్కడ పెద్ద వయసువాళ్లకిచ్చే తక్కువ మోతాదు రాసి "మందు పని చేయదు" అనుకోవడం తరచూ జరిగే తప్పు.

గర్భసంచి ఉంటే దాని లోపొరకు రక్షణగా ప్రొజెస్టరాన్ తప్పదు. చివరి నెలసరి అయి ఏడాది దాటితే మైక్రోనైజ్డ్ ప్రొజెస్టరాన్ (శరీరంలో తయారయ్యే హార్మోన్ లాంటిదే, సింథటిక్ రకం కాదు) 100 మిల్లీగ్రాములు రోజూ రాత్రి. ఏడాది లోపు అయితే 200 మిల్లీగ్రాములు నెలలో 12 నుంచి 14 రోజులు, ఆపాక నెలసరిలా వస్తుంది. ఇంకా నెలసరి తప్పుతూ వస్తున్న మనిషికి రోజూ వాడేది రాస్తే ఎప్పుడు పడితే అప్పుడు రక్తం కనిపించి, భయపడి మొత్తం మానేస్తారు. ఈ గుళిక మత్తు తెస్తుంది కాబట్టి పడుకునే ముందే వేసుకోవాలి, నిద్ర పట్టనివాళ్లకు అదే లాభం. కొన్ని బ్రాండ్లలో వేరుశనగ నూనె ఉంటుంది, పల్లీలు పడనివాళ్లు డబ్బా చూసుకోవాలి. ఫ్రాన్స్‌లోనే ఈ3ఎన్ పేరుతో వేలమందిని గమనించిన అధ్యయనంలో ఈ రకం ప్రొజెస్టరాన్‌తో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు, సింథటిక్ రకాలతో పెరిగింది. అది గమనించి వేసిన లెక్కే గనుక తిరుగులేని రుజువు అనలేం. అయినా రెంటిలో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు మొగ్గు దీనివైపే ఉండాలి.

మొదటి మూడు నెలల్లో అక్కడక్కడ రక్తపు మరకలు, రొమ్ముల సలుపు మామూలే. ఆరు నెలలు దాటాక కూడా రక్తం కనిపిస్తే స్కానింగ్ చేయాలి. మూడో నెలలో ఒకసారి, ఆపైన ఏడాదికోసారి చూడాలి. ఈ మందు గర్భనిరోధకం కాదన్న సంగతి చెప్పడం మరిచిపోతుంటారు. యాభై దాటినవాళ్లు చివరి నెలసరి తర్వాత ఏడాది, యాభై లోపువాళ్లు రెండేళ్లు జాగ్రత్త పడాలి.

అందరూ చులకనగా వదిలేసేది యోని పొడిబారడం, మూత్రంలో మంట. సిగ్గుతో చెప్పరు, చెప్పినా మూత్ర ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ కోర్సు మీద కోర్సు నడుస్తుంది. ఈస్ట్రియాల్ (ఇంకో రకం ఈస్ట్రోజెన్) క్రీమ్ అర మిల్లీగ్రాము చొప్పున రెండు వారాలు రోజూ రాత్రి, ఆపైన వారానికి రెండుసార్లు లోపల పెట్టుకుంటే పొర బలపడి ఇన్ఫెక్షన్లు తగ్గుతాయి. రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ గనుక ప్రొజెస్టరాన్ అక్కర్లేదు, డెబ్బై ఏళ్ల మనిషికైనా మొదలుపెట్టవచ్చు. హార్మోన్ అన్న మాట వినగానే దీన్ని కూడా వద్దనే డాక్టర్లుండటం అన్యాయం.

హార్మోన్ ఇవ్వలేనివాళ్లను "ఓర్చుకోండి" అని పంపనక్కర్లేదు. డిప్రెషన్‌కు వాడే వెన్లాఫాక్సిన్ 37.5 నుంచి 75 మిల్లీగ్రాములు, రాత్రి ఆవిర్లు ఎక్కువైతే గాబాపెంటిన్ 300 మిల్లీగ్రాములు పనికొస్తాయి. రొమ్ము క్యాన్సర్‌కు టామాక్సిఫెన్ వాడుతున్నవాళ్లకు పారాక్సెటిన్ అనే ఇంకో డిప్రెషన్ మందు మాత్రం రాయకూడదు, అది టామాక్సిఫెన్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది.

ఎన్నాళ్లు వాడాలన్న దానికి గీత గీసినట్టు గడువు లేదు. చిన్న వయసులో ముట్లుడిగినవాళ్లు కనీసం యాభై దాకా వాడాలి, మామూలుగా చెప్పే ఐదేళ్ల లెక్క వాళ్లకు అక్కడి నుంచే మొదలవుతుంది. సహజంగా ముట్లుడిగినవాళ్లు మూడు నుంచి ఐదేళ్లు వాడాక మోతాదు తగ్గించి చూడవచ్చు. రెండు నొక్కుల జెల్‌ను ఒకటి చేసి రెండు మూడు నెలలు ఆగి, ఆవిర్లు తిరిగి రాకపోతే రోజు విడిచి రోజు, ఆ తర్వాత ఆపడం. తిరిగి వచ్చి నిద్ర చెడితే మళ్లీ మొదలుపెట్టడం తప్పు కాదు. అప్పటి వయసు, బీపీ, మామోగ్రామ్ చూసి, ముప్పు ఎంత పెరిగిందో చెప్పి, నిర్ణయం ఆమెకే వదలాలి.